నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే లేపాక్షి, హిందూపురం దారుల్లో నల్లబట్టలు పెరుగుతాయి. బ్రాందీ షాపుల ముందు మోటారు సైకిళ్లు తగ్గుతాయి. రాత్రి తలుపు తట్టే చెయ్యి ఎలా ఉంటుందోనని భయపడకుండా కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు నిద్రపోయేది ఈ నెలన్నరే. ఆ తర్వాత ఏమవుతుందన్న దాని మీద ఈ వైపు ఊళ్లలో ఏటా వాదన నడుస్తుంది. అందులోని రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరి నోట పెట్టాను. ఒకరు గురుస్వామి: ఒకప్పుడు బాగా తాగి, అయ్యప్ప మాల వేసుకుని మానేసి, ఇప్పుడు ఇతరులకు మాల వేసే మనిషి. మరొకరు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైన నర్సమ్మ. లేపాక్షి వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

గురుస్వామి: రా మాతా, కూర్చో. ఏందో కోపంగా ఉన్నట్టుండావే.

నర్సమ్మ: మాత అనొద్దు, ఎప్పట్లాగే అక్కా అను. కోపమే స్వామీ. నువ్వు మాల వేసిన పిల్లోనికి మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చినాయి. సన్నిధానంలో కింద పడి కొట్టుకుంటాంటే స్వామి పూనినాడని కర్పూరం వెలిగించినారంట. ఎవరో తెలిసినోడు ఆటో పిలిచి ఆసుపత్రికి తోలుకుపోయేసరికి నాలుక కొరుక్కోని నోరంతా రక్తం.

గురుస్వామి: బతికి బయటపడినాడు కదక్కా. స్వామి దయ.

నర్సమ్మ: ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు దయ కూడా కొంచెం కలుపుకో. పొద్దున లేస్తూనే తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు ఊరుకోదు. ఏళ్ల తరబడి మందు అణిచిపెట్టిన నరాలు అది ఆగేసరికి రెచ్చిపోతాయి. ఆపిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజు అటూ ఇటూగా కొందరికి లేని మనుషులు కనబడతారు, పెళ్లాం బిడ్డల్ని గుర్తుపట్టరు, జ్వరం, గుండెదడ. వదిలేస్తే ప్రాణమే పోతుంది. దాని మీద మీ నియమాలు: తెల్లారుజామున చన్నీళ్లు, ఒంటిపూట భిక్ష. తాగుబోతు ఒంట్లో బి1 విటమిన్ ముందే అడుగంటి ఉంటుంది. అట్లాంటోణ్ణి పస్తు పెడితే మెదడు దెబ్బతింటుంది.

గురుస్వామి: అందరికీ అట్ల కాదు కదా? నాకు కాలేదే.

నర్సమ్మ: కాదు. ఎవరికయ్యే అవకాశం ఉందో అడిగితే తెలుస్తుంది. మీరు అడగరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి మందు షాపులు మూసినప్పుడు హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం బారులు కట్టినారు, గుర్తుందా? కేరళ ప్రభుత్వమైతే డాక్టరు చీటీ ఉంటే మందు ఇస్తామనే దాకా పోయింది. హైకోర్టు ఆపింది. వాళ్లెవ్వరూ మాల వేసుకోలేదు. మందు ఆగింది, అంతే. ఒళ్లు చేసే గొడవకు భక్తితో పని లేదు.

గురుస్వామి: సరే, మూడో రోజు నీది. దాని మీద నేను కొట్లాడను. కానీ మూడో రోజు దాటినాక మీ దగ్గర ఏముండాది? నన్ను కూడా ఆసుపత్రిలో చేర్పించినారు. వణుకు తగ్గింది, బాగా తిన్నా, ముఖం తేటపడింది. ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం ఏడు గంటలకు ఏం చెయ్యాల్నో తెలీలేదు. ఏడు గంటలు అక్కా! ఆ గంట మీ మాత్రల్లో లేదు. కాళ్లు వాటంతట అవే షాపు దిక్కు పోయినాయి.

నర్సమ్మ: మాలలో ఉందా ఆ గంట?

గురుస్వామి: ఉండాది. షాపు కాడ గుంపు చేరే వేళకే మాకు భజన. పొద్దున నాలుగుకు లేసి నీళ్లు పోసుకునేవాడికి రాత్రి తొమ్మిదికి కన్ను మూతపడుతుంది. నేల మీద పడక, చెప్పుల్లేని నడక, చేతినిండా పని. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి ఉండాది. నిన్నటి దాకా "ఒరే తాగుబోతోడా" అన్న ఊరే తెల్లారి నన్ను "స్వామీ" అనింది. మా నాయన అన్నాడు. నా పెళ్లాం అనింది. నా కూతురు అనింది. ఏళ్ల తర్వాత మర్యాదగా పిలిపించుకున్నా. బెల్టు షాపోడు నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు, మాలతో వచ్చినోడికి అమ్మితే వానికి కూడా భయమే. ఇంత కాపలా ఏ ఆసుపత్రి పెడుతుంది?

నర్సమ్మ: నువ్వే చెప్తున్నావు చూడు. కాపలా పెట్టింది ఊరు. సాయంత్రం గంట నింపింది భజన బృందం. మర్యాద ఇచ్చింది నీ కూతురు. జార్జ్ వైలంట్ అని అమెరికా డాక్టరు తాగుడు మానినోళ్లను దశాబ్దాల తరబడి గమనించి 1983లో పుస్తకం రాసినాడు. నిలదొక్కుకున్నోళ్లలో నాలుగు మాటిమాటికీ కనబడినాయంటాడు: మందు చోట్లో ఇంకో అలవాటు, తాగితే వెంటనే బయటపడే కాపలా, కొత్త మనుషుల తోడు, బతుకు మీద ఆశ పుట్టించే భక్తి లాంటిదో గుంపు లాంటిదో ఒకటి. ఇవి నాలుగూ దొరికితే చాలు, దేవుడు ఉన్నా లేకున్నా పని జరుగుతుంది.

గురుస్వామి: ఆ నాలుగూ ఒక్క పూసల దండలో దొరుకుతాంటే విడివిడిగా ఎందుకు ఏరుకోవాల? మాల వేస్తూనే అలవాటు వచ్చె, కాపలా వచ్చె, తోడు వచ్చె, ఆశ వచ్చె. దీన్ని కుట్టినోడు తెలివైనోడే కదక్కా.

నర్సమ్మ: తెలివైనోడే. నలభై ఒక్క రోజులకు కుట్టినాడు. నలభై రెండో రోజు సంగతి చెప్పు. శబరిమల కొండ దిగి వచ్చి మాల తీసిన సాయంత్రమే క్వార్టర్ తెచ్చుకునేవాళ్లు నీకు తెలీదా? మాల వేసే ముందు రాత్రి కడసారి అని తాగడం, తీసిన రోజు మొదటిసారి అని తాగడం. మధ్యలో దీక్ష.

గురుస్వామి: ఉండారు. కాదనను. అయినా ఆ నలభై ఒక్క రోజులు ఊరికే పోలేదు. లివర్‌కు కొంచెం ఊపిరాడింది. ఇంట్లో నాలుగు డబ్బులు మిగిలినాయి. వాడికి తెలిసింది, నేను తాగకుండా ఉండగలను అని.

నర్సమ్మ: అదే నాకు భయం! ఉండగలను అని తెలిసినోడు ఏమంటాడు? "నలభై ఒక్క రోజులు ముట్టలేదు, నేనేం బానిసనా? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తా" అంటాడు. మిగతా పదిన్నర నెలలు తాగడానికి మీ దీక్ష వానికి సర్టిఫికెట్ ఇస్తోంది. పెళ్లాం ఆసుపత్రికి పోదామంటే, వచ్చే కార్తీకం రానీ అంటాడు.

గురుస్వామి: ఈ మాట గట్టిగా తగిలిందక్కా. నేను మొదటిసారి మాల తీసినాక అట్లే అన్నా. అందుకే చెప్తా విను, అన్ని మాలలూ ఒకటి కావు. పక్కనే అనంతపురం జిల్లాలో, బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడి ఉండాది. తాగుడు మానాలనుకున్నోళ్లు ఏకాదశి నాడు పోయి మాల వేయించుకుంటారు. కర్ణాటక నుంచి కూడా వస్తారు. కొండకు పోయి రావడం కోసం కాదు, మందు మానడానికే ఆ మాల. పండరిపురం పోయే వార్కరీలది ముందు నుంచీ అదే ఆచారం: మెడలో తులసి మాల, మాంసం లేదు, మందు లేదు, ఏకాదశికి ఉపవాసం. దానికి నలభై ఒకటి అని గడువు లేదు. నెలకు రెండు ఏకాదశులు వస్తానే ఉంటాయి.

నర్సమ్మ: ఇది బాగుంది. పదిహేను రోజులకోసారి వచ్చి కనబడమని మేము కూడా చీటీ మీద రాసిస్తాం. రారు. పంచాంగం పిలిస్తే వస్తారు.

గురుస్వామి: మరి దేవుడు లేకుంటే పంచాంగం ఎవురు చూస్తారు?

నర్సమ్మ: వినకుండా ముందే సంబరపడొద్దు. నా అసలు తగువు భయం దగ్గర. వీరభద్రుడి మీద ఒట్టు, మాల మీద ఒట్టు. ఒట్టు తప్పితే కళ్లు పోతాయి, ఇల్లు కూలుతుంది అని చెప్తారు. వాడు ఎప్పుడో ఒక పెళ్లిలో, ఒక చావింట్లో ఒక్క గుక్క తాగుతాడు. అప్పుడు ఏమవుతుందో తెలుసా? ఎట్లాగూ పాపం అయిపోయింది, ఇంక ఒకటైతే ఏం, పదైతే ఏం అని బాటిల్ ఖాళీ చేస్తాడు. అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పనిగట్టుకుని చదివినాడు. మొదటి తప్పటడుగు కంటే, అది వేసినాక తన మీద తనకు కలిగే అసహ్యమే మనిషిని పూర్తిగా ముంచుతుందని తేల్చినాడు. నీ భయం మొదటి గుక్క దాకా కాపాడుతుంది. ఆ తర్వాత అదే వాణ్ణి తోస్తుంది.

గురుస్వామి: భయం మీ దగ్గర మాత్రం లేదా? డైసల్ఫిరాం మాత్ర ఇస్తారు కదా. అది వేసుకోని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. అది ఒట్టు కాకపోతే ఏంది? మీ దేవుడు కడుపులో ఉంటాడు, నా దేవుడు మెడలో ఉంటాడు.

నర్సమ్మ: సరిగ్గా పట్టుకున్నావు. 1948లో డెన్మార్క్‌లో దాని గుణం బయటపడినప్పటి నుంచి ఆ మాత్ర చేసేది భయపెట్టడమే. అయితే అది డాక్టరు చెప్పి, మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సింది. అన్నంలో దొంగగా కలిపి పెడితే ప్రాణం మీదికొస్తుంది. ఒప్పుకున్నాక కూడా వాడే మింగాల్సి వస్తే మానేస్తాడు, రోజూ ఎదురుగా నిలబడి ఒకరు మింగిస్తేనే పని చేస్తుంది.

గురుస్వామి: మళ్లీ మనిషి దగ్గరికే వచ్చినావు.

నర్సమ్మ: నేనెప్పుడూ అక్కడే ఉన్నా. భయానికి మందు మీ దగ్గర ఉందా అని అడుగుతున్నా.

గురుస్వామి: ఉండాది, మీరెవరూ చూడరు. రోజూ పూజ చివర ఏం చేస్తాం? తెలిసి చేసినా తెలీక చేసినా తప్పులన్నీ మన్నించమని వేడుకుంటాం. గురుస్వామి నుంచి కన్నెస్వామి దాకా అందరూ, రోజూ. తప్పు జరగదని కాదు, జరుగుతుందని ముందే ఒప్పుకున్న పూజ అది. మీ మార్లట్ చెప్పింది మా హారతి పక్కనే ఉండాది.

నర్సమ్మ: నోటితో వేడుకుంటారు. కానీ మాలలో ఉండి తాగినోడు మరుసటి రోజు సన్నిధానానికి వస్తే ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుంటారా?

గురుస్వామి: ...లేదు. తరిమేస్తాం.

నర్సమ్మ: దేవుడు మన్నిస్తాడు, మీరు మన్నించరు.

గురుస్వామి: ఒక్కటి అడుగుతా అక్కా. భక్తితో మానడం మా పల్లెటూరోళ్ల మూఢత్వమేనా? చదువుకున్న దేశాల్లో లేదా?

నర్సమ్మ: ఉంది. 1935లో అమెరికా ఒహాయోలోని ఆక్రన్ ఊళ్లో బిల్ విల్సన్ అనే స్టాకు వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టినారు. ఇద్దరూ తాగుబోతులే. వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడు ఉన్నాడు. మొదటి గుంపులోని నాస్తికులు గొడవపెడితే "మాకు అర్థమైన రూపంలో దేవుడు" అని మార్చుకున్నారు. 1957 నుంచి మన దేశంలోనూ ఉంది. నిజం దాచను: 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల లెక్క తీసి చూస్తే, పూర్తిగా మానేసి ఉండటంలో ఆ పద్ధతి మిగతా మానసిక చికిత్సలకు తీసిపోలేదు. చాలా చోట్ల మెరుగ్గానే ఉంది.

గురుస్వామి: అట్లా చెప్పు!

నర్సమ్మ: ఆగు. బిల్ విల్సన్ అంతకు ముందే ఒక ఆసుపత్రిలో పడి ఉండగా గది నిండా వెలుగు చూసినాడు, దేవుడే అనుకున్నాడు. కొన్ని నెలలకు వ్యాపారం దెబ్బతిని ఆక్రన్ హోటల్లో ఒంటరిగా నిలబడితే, పక్కనే ఉన్న బారు వైపు మనసు లాగింది. చూసిన వెలుగు ఆ నిమిషానికి చాలలేదు. తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని ఫోన్ తిప్పినాడు. బాబ్ దొరికింది అట్లనే.

గురుస్వామి: ఫోన్ ఎవురికి చేసినాడు?

నర్సమ్మ: చర్చి పాస్టరుకు.

గురుస్వామి: చూసినావా! పోలీస్ స్టేషన్‌కు చెయ్యలేదు, ఆసుపత్రికి చెయ్యలేదు. అర్ధరాత్రి తలుపు తడితే తీస్తారని ఎవురి మీద నమ్మకం ఉండాదో వాళ్లకు చేసినాడు.

నర్సమ్మ: ఒప్పుకుంటా. కానీ నీ తలుపు అందరికీ తెరుచుకుంటుందా? తాగేది మగోళ్లే అనుకుంటారు. కూలికి పోయి ఒళ్లు నొప్పులకు తాగే ఆడోళ్లను నేను చూసినా. పది నుంచి యాభై ఏళ్ల ఆడదాన్ని మీ కొండ ఎక్కనియ్యరు. 2018లో సుప్రీంకోర్టు చెప్పినాక కూడా ఎంత గొడవ! నమ్మకం లేనోడు ఉన్నాడు. హిందూపురంలో సాయిబు ఉన్నాడు, వానికి మందు ముట్టుకున్నానని చెప్పుకోవడమే పెద్ద సిగ్గు. వీళ్లకు ఏ మాల?

గురుస్వామి: ఆడోళ్లకు భవానీ దీక్ష ఉండాది, ఎర్రచీర కట్టి మేల్‌మరువత్తూరు పోయే ఓం శక్తి మాల ఉండాది. సాయిబులకు పెనుకొండ బాబయ్య దర్గా ఉండాది, అక్కడ హిందువులు కూడా మొక్కుతారు. నమ్మకం లేనోడికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. వాణ్ణి నీ దగ్గరికే పంపిస్తా.

నర్సమ్మ: అది నిజాయితీ మాట. ఇంకొకటి. మీరు పేరు చెప్పని మనిషి ఒకరున్నారు, అమ్మేవాడు. సరిహద్దు దాటి కర్ణాటక టెట్రా ప్యాకెట్లు వస్తాయి. 2024 అక్టోబర్‌లో ప్రైవేటు షాపులు తెరిచినప్పుడు 99 రూపాయలకే క్వార్టర్ అని గొప్పగా చెప్పుకున్నారు. వాన పడదు, చెనక్కాయ ఎండిపోతుంది, మొగుడు బెంగళూరులో కట్టడం పనికి పోయి షెడ్డులో ఒంటరిగా పడుంటాడు. అన్నీ అట్లే ఉంచి, మానే బాధ్యత మాత్రం వాని భక్తి మీద పెడితే ఎట్లా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు అక్షరాస్యత తరగతిలో చదువుకుని లేసి సారా పాకలు మూయించినారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. దాన్ని తెచ్చింది మాల కాదు.

గురుస్వామి: నిజమే. 1995లో ఎన్టీఆర్ అంతా నిషేధించినాడు, 1997లో చంద్రబాబు ఎత్తేసినాడు. ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వమే తీసుకుంటుంది అక్కా. షాపు తెరిచే ఉంటుందని లెక్క వేసుకోని బతకాల్సినోణ్ణి నేను. మూసే దాకా ఆగితే నేను పోతా.

నర్సమ్మ: ఇదిగో, ఆ వేలాడే స్తంభం చూడు. వచ్చినోళ్లందరూ దాని కింద గుడ్డ దూర్చి, మహిమ అని ఫోటో తీసుకుంటారు. మండపం కప్పును మోసేది నేలలో నిలబడిన మిగతా స్తంభాలు. వాటి వైపు ఎవరూ చూడరు.

గురుస్వామి: చూడరు. కానీ జనం బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చేది ఈ ఒక్క స్తంభం కోసమే. ఇది లేకుంటే మిగతావి ఉన్నాయని కూడా ఎవురికీ తెలీదు. తాగుబోతు అట్లనే వస్తాడు. "కౌన్సెలింగ్‌కు రా" అంటే రాడు, "మాలకు రా" అంటే వస్తాడు. 2019లో ఢిల్లీ వాళ్లు సర్వే లెక్క బయటపెట్టినారని నువ్వే చెప్తివి కదా, ఏమన్నారు?

నర్సమ్మ: ఎయిమ్స్ వాళ్లు చేసినారు. దేశంలో మందుకు బానిసలైనోళ్లు దాదాపు 2.9 కోట్లు. వాళ్లలో ప్రతి 38 మందిలో ఒక్కడికే ఏదో ఒక చికిత్స అందుతోందని తేలింది.

గురుస్వామి: మరి మిగతా 37 మంది ఎక్కడికి పోవాల? నిమ్హాన్స్ ఆసుపత్రి బెంగళూరులో ఉండాది. గుడి వీధి చివర ఉండాది.

నర్సమ్మ: ...అందుకే నిన్ను వదిలిపెట్టి పోలేక కూర్చున్నా. ఆ 37 మంది నీ దగ్గరికే వస్తారంటే, నీకు నా పని కొంచెం తెలియాలి. మాల వేసే ముందు మూడు ప్రశ్నలు అడుగు: పొద్దున తాగకుంటే చేతులు వణుకుతాయా? ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చినాయా, లేనివి కనబడినాయా? రోజుకు ఎంత తాగుతావు? ఒక్కదానికైనా అనుమానం వస్తే ముందు ఆసుపత్రి, ఆ తర్వాత మాల. పది రోజులు ఆలస్యమైతే అయ్యప్ప అలగడు. ఎక్కడికి పోవాలో తెలీకుంటే 14446కు ఫోన్ చెయ్యి, డబ్బు పడదు.

గురుస్వామి: అడుగుతా. ఒంటిపూట కూడా వాళ్లకు సడలిస్తా, రోగికి మినహాయింపు శాస్త్రంలోనే ఉండాది. మరి నలభై రెండో రోజుకు?

నర్సమ్మ: మన పక్కనే కర్ణాటకలో ధర్మస్థల వాళ్లు పల్లెల్లో మద్యవర్జన శిబిరాలు పెడతారు. శిబిరం ముగిసినాక మానినోళ్లందరినీ నవజీవన సమితి అని గుంపు కట్టి మళ్లీ మళ్లీ కలిపిస్తారు. భక్తులే, మంజునాథుడి పేరే. అయినా శిబిరం అయిపోయింది, ఇంటికి పొమ్మని చేతులు దులుపుకోరు. మాల తీసినాక మీ భజన వాళ్లకు తలుపు ఎందుకు మూస్తుంది?

గురుస్వామి: మాల లేనోడు సన్నిధానంలో కూర్చోకూడదని నియమం ఏమీ లేదు. మేమే పిలవం. పిలుస్తా. నెలకు రెండు ఏకాదశులు.

నర్సమ్మ: ఇంక ఒక్కటి మిగిలింది. మానితే స్వామి మహిమ, తప్పితే వాని భక్తి చాలలేదు. లాభం దేవుడికి, నష్టం తాగుబోతుకు. ఈ లెక్క నాకు మింగుడుపడదు. మానింది వాడు. వానికి రావాల్సిన పేరు వానికియ్యి.

గురుస్వామి: ఇక్కడ మాత్రం నువ్వు తాగినదానివి కావు కాబట్టి నీకు తెలీదు. నేను మొదటిసారి మానినప్పుడు ఊరంతా నన్ను మెచ్చుకునింది. మొనగాడివిరా అన్నారు. మొనగాణ్ణి కాబట్టి ఒక్కటి తాగినా ఆపేయగలను అనుకున్నా. ఆ ఒక్కటితో రెండేళ్లు పోయినాయి. రెండోసారి మాల వేసుకున్నప్పుడు ఇది నా చేత కాదు స్వామీ అన్నా. ఆ మాట అన్నోడు మళ్లీ పరీక్ష చేసుకోడు. పేరు స్వామికి ఇచ్చేది ఆయనకు తక్కువై కాదు, నా దగ్గర ఉంటే నాకు ప్రమాదమని.

నర్సమ్మ: ఇది నేను ఏ పుస్తకంలో చదివిన దానికంటే సూటిగా ఉంది. కానీ సగం చెప్పినావు. మానినప్పుడు ఇది నా గొప్ప కాదు అనగలిగినోడు, జారినప్పుడు ఇది నా ఒక్కని పాపం కాదు అని కూడా అనగలగాల. అప్పుడే దాచుకోకుండా తిరిగొస్తాడు.

గురుస్వామి: ఆ రెండో మాట దీక్షలో చెప్పం. చెప్తే తాగడానికి సాకు దొరుకుతుందని భయం.

నర్సమ్మ: సాకు వానికి ఎప్పుడూ దొరుకుతుంది స్వామీ. దొరకనిది వెనక్కి వచ్చే దారి.

గురుస్వామి: సరే. ఈ ఏడు మాల తీసేటప్పుడు ప్రతి ఒక్కనికీ చెప్తా: జారితే మర్నాడే రా, ఎవురూ తరమరు అని. కానీ స్వామి పేరు పక్కన పెట్టమంటే పెట్టను.

నర్సమ్మ: పెట్టమనలేదు. మూడో రోజు ఒక డాక్టరును, నలభై రెండో రోజు ఒక మనిషిని చూపించు చాలు. మధ్యలో రోజులన్నీ ఆయన్నే ఏలుకోమను.

గురుస్వామి: ఆ డాక్టరునూ, ఆ మనిషినీ పంపేది ఎవురంటావ్?

నర్సమ్మ: ఈసారికి నేనే వస్తున్నా. ఎవరు పంపినారో నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో.